శంషాబాద్ నుంచి డాలస్‌కు ఎంత దూరం, ఎంతసేపు? విమాన దూరాలు లెక్కగట్టే సేవలపై సమీక్ష

పిల్లలు టెక్సస్‌లో స్థిరపడిన హైదరాబాద్ ఇళ్లలో అమెరికా ప్రయాణం అనుకోగానే టికెట్ ధర తర్వాత వచ్చే ప్రశ్న, విమానంలో ఎంతసేపు కూర్చోవాలన్నదే. దీనికి జవాబు చెప్పే ఉచిత సేవలు ఇంటర్నెట్‌లో చాలా ఉన్నాయి. బయలుదేరే విమానాశ్రయం, చేరే విమానాశ్రయం పేర్లు నింపితే క్షణంలో దూరం ఇన్ని కిలోమీటర్లు, ప్రయాణ సమయం ఇన్ని గంటలు అని చూపుతాయి. శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్నీ, డాలస్ ఫోర్ట్ వర్త్ విమానాశ్రయాన్నీ ఉదాహరణగా తీసుకుని ఇలాంటి సేవలను పక్కపక్కనే పెట్టి చూసిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: అవి చూపే దూరాన్ని కొద్దిపాటి జాగ్రత్తతో నమ్మవచ్చు, సమయాన్ని మాత్రం నమ్మి ఏ ఏర్పాటూ చేసుకోకూడదు.

ముందు దూరం సంగతి చూద్దాం. ఈ రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలను తీసుకుని, భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం గల గోళంగా భావించి, దాని ఉపరితలం మీద అతి దగ్గరి దారి, అంటే మహావృత్త దూరం లెక్కిస్తే సుమారు 14,420 కిలోమీటర్లు వస్తుంది. భూమి ధ్రువాల దగ్గర కొంచెం అణిగి ఉంటుందన్న విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకునే సేవల్లో ఇంకో పదిహేను కిలోమీటర్ల దాకా ఎక్కువ కనిపిస్తుంది. పద్నాలుగు వేల కిలోమీటర్లలో పదిహేను కిలోమీటర్ల తేడా ఎవరికీ పట్టేది కాదు కనుక దాన్ని తప్పు అనలేము. అసలు గందరగోళం కొలమానాల దగ్గర వస్తుంది. ఇదే దూరం మైళ్లలో సుమారు 8,960, విమానయానంలో వాడే నాటికల్ మైళ్లలో సుమారు 7,790. ఏ మైళ్లో స్పష్టంగా రాయని సేవలో అంకె చూసి, దాన్ని మామూలు మైళ్ల లెక్కన కిలోమీటర్లలోకి మార్చుకుంటే దాదాపు రెండు వేల కిలోమీటర్లు తగ్గిపోయే ప్రమాదం ఉంది.

ఊరి పేరు టైపు చేసే చోట మరో చిక్కు ఉంది. ఒక సేవలో హైదరాబాద్ అని కొట్టగానే వచ్చిన జాబితాలో మొదటిది పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రపు హైదరాబాద్. మనది దాని కింద ఉంది. డాలస్ అన్నప్పుడు కూడా అంతే. ఆ నగరంలో లవ్ ఫీల్డ్ అనే పాత విమానాశ్రయం ఒకటుంది, కానీ మనవాళ్లు దిగేది డాలస్, ఫోర్ట్ వర్త్ నగరాల మధ్య ఉన్న పెద్ద విమానాశ్రయంలో. కాబట్టి పేర్లకు బదులు మూడక్షరాల సంకేతాలు, మనకు హెచ్‌వైడీ, వారికి డీఎఫ్‌డబ్ల్యూ, వాడితే ఈ పొరపాట్లకు ఆస్కారం ఉండదు. ఈ సంకేతం లగేజీ ట్యాగు మీద పెద్దక్షరాలతో ఉంటుంది కనుక దాన్ని గుర్తుపెట్టుకోవడం పెట్టెల దగ్గర కూడా పనికొస్తుంది.

నేను చూసినవాటిలో అన్నిటికంటే నిజాయితీగా అనిపించినది గ్రేట్ సర్కిల్ మ్యాపర్. పేజీ పాతకాలపు రూపంలో ఉంటుంది, హంగులేమీ లేవు. రెండు సంకేతాల మధ్య చిన్న గీత పెట్టి కొడితే పటం మీద దారి గీసి, కింద దూరం చూపుతుంది. కామా పెట్టి మరో మార్గం చేర్చితే రెండింటినీ ఒకే పటం మీద పోల్చుకోవచ్చు. మైళ్లు, నాటికల్ మైళ్లు, కిలోమీటర్లలో ఏది కావాలో మనమే ఎంచుకోవచ్చు. నాకు బాగా నచ్చిన విషయం, గోడ పటం మీద కాక ధ్రువం వైపు నుంచి చూసినట్టుగా కూడా దారిని గీయడం. శంషాబాద్, డాలస్ దారిని గోడ పటం మీద గీస్తే అది పైకి లేచి పటం అంచు దాటిపోయి మళ్లీ ఎక్కడో దిగే వింత వంకరలా ఉంటుంది. ధ్రువం వైపు నుంచి చూస్తే మాత్రం దాదాపు తిన్నని గీత. కారణం ఈ రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలకు పైగా ఉండటం. అంటే భూమికి దాదాపు అవతలి వైపున ఉన్న రేఖాంశానికి పోతున్నాం, అలా పోవడానికి దగ్గరి దారి ధ్రువం పక్కగానే ఉంటుంది.

ఆ గీత వెంట వేలు పెట్టి వెళితే దారి ఎంత కష్టమైనదో తెలుస్తుంది. శంషాబాద్ నుంచి దాదాపు నిటారుగా ఉత్తరానికి పోయి ఢిల్లీ మీదుగా, కారకోరం పర్వతాల మీదుగా చైనాలోని కాష్గర్ దగ్గరికి, అక్కడి నుంచి మధ్య ఆసియా దాటి సైబీరియాలోని ఓమ్స్క్ మీదుగా ఆర్కిటిక్ సముద్రానికి చేరుతుంది. ఉత్తర ధ్రువానికి దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో నుంచి సాగి, కెనడా ఉత్తరాన ఉన్న దీవుల మీదుగా, హడ్సన్ అఖాతం పడమటి తీరం వెంట, అమెరికాలోని మిన్నెసోటా, కాన్సస్ రాష్ట్రాల మీదుగా టెక్సస్‌లో దిగుతుంది.

ఈ దారిన శంషాబాద్ నుంచి డాలస్‌కు పోయే ప్రయాణికుల విమానం లేదు. అంటే అన్ని సేవలూ మన ముందు పెట్టే 14,420 అనే అంకె, ఎవరూ ఎక్కలేని విమానానికి సంబంధించినది. రోజువారీ సర్వీసులు ఆ గీతను పట్టుకుని పోకపోవడానికి తగిన కారణాలు ఉన్నాయి. ఎత్తైన పర్వతాల మీద ఉండగా విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే కిందికి దిగాలి, కానీ కింద కొండలుంటే దిగడానికి చోటు ఉండదు కనుక కారకోరం, టిబెట్ పైభాగాలను వీలైనంత వరకు తప్పిస్తారు. 2022 నుంచి రష్యా గగనతలం అమెరికా, యూరప్ సంస్థల విమానాలకు మూసి ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ సంస్థలకు మూసివేయడంతో ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన విమానాలు చుట్టు తిరగవలసి వచ్చింది. అదే ఏడాది జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలపాటు మూతపడినప్పుడు దోహా మీదుగా పోవలసినవారు ఎక్కడివారక్కడ నిలిచిపోయారు. దూరం లెక్కగట్టే సేవలకు ఇవేవీ తెలియవు. అవి గణితం చేస్తాయి, అంతే.

గణితానికీ, ప్రయాణానికీ ఎంత తేడా ఉండగలదో చెప్పడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్ ఫ్రాన్సిస్కో, బెంగళూరు మధ్య మొదలుపెట్టిన నాన్‌స్టాప్ సర్వీసు తొలి విమానాన్ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో, మన తెలుగు పైలట్ పాపగారి తన్మయి కూడా ఉన్న పూర్తి మహిళా బృందం ఉత్తర ధ్రువం మీదుగా నడిపింది. ఆ రెండు విమానాశ్రయాల మధ్య మహావృత్త దూరం సుమారు 14,000 కిలోమీటర్లు కాగా, అప్పుడు సంస్థ చెప్పిన ప్రయాణ దూరం దాదాపు 16,000 కిలోమీటర్లు. మనం చూసే అంకె, నడిచే దారి ఒకటి కావు.

ఇక సమయం విషయంలో నా అసంతృప్తి అంతా ఇక్కడే ఉంది. చాలా సేవలు వాడే పద్ధతి ఇది: దూరాన్ని ఒక స్థిరమైన వేగంతో భాగించి, పైకి లేవడానికి, దిగడానికి ఒక అరగంట కలుపుతాయి. ఆ వేగం ఒకచోట గంటకు 500 మైళ్లు, అంటే 805 కిలోమీటర్లు. మరోచోట 900 కిలోమీటర్లు. మొదటి వేగంతో శంషాబాద్, డాలస్ ప్రయాణం 18 గంటల 25 నిమిషాలు అవుతుంది, రెండో వేగంతో 16 గంటల 30 నిమిషాలు. దూరం ఒకటే, జవాబులు మాత్రం రెండు గంటల తేడాతో ఉంటాయి. పైగా ఇది గంటలు, నిమిషాలతో సహా కచ్చితమైన అంకెలా కనిపించడం వల్ల చదివేవారు దాన్ని టైంటేబుల్ అనుకుంటారు. ఏ వేగం తీసుకున్నారో పేజీ అడుగున చిన్నక్షరాల్లో రాసిన సేవలు ఉన్నాయి, అసలు రాయనివి కూడా ఉన్నాయి. రాయనివాటిని నేను వాడను.

ఈ లెక్కలో గాలి లేదు. మధ్య అక్షాంశాల మీద, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం వీస్తుంది. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అమెరికా వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు తోడుగాలి. దుబాయ్ నుంచి డాలస్‌కు దూరం సుమారు 12,900 కిలోమీటర్లు. విమానయాన సంస్థ టైంటేబుల్‌లో వెళ్లేటప్పుడు పదహారు గంటల పైచిలుకు, వచ్చేటప్పుడు దాదాపు పదిహేను గంటలే చూపుతుంది. గంటకు 805 కిలోమీటర్ల సూత్రం మాత్రం రెండు వైపులా పదహారున్నర గంటలే అంటుంది. వెళ్లేటప్పటి అంకె దాదాపు సరిపోవడం చూసి సూత్రం మంచిదనుకోకూడదు, అక్కడ రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేశాయి: విమానం అంతకంటే వేగంగానే పోతుంది, గాలి దాన్ని వెనక్కి లాగుతుంది. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి ఇదే సూత్రం 3 గంటల 40 నిమిషాలు చూపితే, టైంటేబుల్ దాదాపు నాలుగు గంటలు ఇస్తుంది. చిన్న దూరాల్లో రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, దిగేముందు చక్కర్లు కొట్టడం వంటివాటి వాటా ఎక్కువ, అరగంట దానికి చాలదు.

అసలు ప్రయాణ కాలాన్ని నిర్ణయించేది మధ్యలో ఆగే చోటు. శంషాబాద్ నుంచి ఒక్కసారి ఆగి డాలస్ చేరడానికి ఉన్న దారుల్లో లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, దుబాయ్, దోహా ముఖ్యమైనవి. గ్రేట్ సర్కిల్ మ్యాపర్‌లో ఈ నాలుగింటినీ కొలిచి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది: లండన్ మీదుగా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా మొత్తం దూరం సుమారు 15,400 కిలోమీటర్లు, దుబాయ్ మీదుగా 15,500, దోహా మీదుగా 15,700. నాలుగు దారులూ దాదాపు సమానమే, నేరు దారి కంటే ఏడు నుంచి తొమ్మిది శాతం మాత్రమే ఎక్కువ. కాబట్టి దూరాన్ని బట్టి దారి ఎంచుకోవడంలో అర్థం లేదు. ఎంచుకోవలసింది విడతల పొడవును బట్టి. గల్ఫ్ దారిలో మొదట నాలుగు గంటలు, ఆ తర్వాత పదహారు గంటలు ఒకే కుర్చీలో. యూరప్ దారిలో దాదాపు పది గంటలు, మళ్లీ దాదాపు పది, పదకొండు గంటలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి రెండు సమాన విడతలు మేలని నా అభిప్రాయం, ఒకసారి నిద్రపోతే చాలనుకునేవారికి గల్ఫ్ దారి నయం. లెక్క చూపే ఏ సేవా ఈ తేడాను చెప్పదు.

ఆగే సమయం ఇంకో మాట. టికెట్ల జాబితాలో గంటన్నర ఆగే విమానం, ఎనిమిది గంటలు ఆగేది ఒకే ధరకు పక్కపక్కనే ఉంటాయి. మొదటిసారి వెళ్తున్న తల్లిదండ్రులకు వీల్‌చెయిర్ సాయం కోరినప్పుడు గంటన్నర చాలదు, ఎనిమిది గంటలు ఎక్కువ. మూడు గంటలు సరైనదని అనుభవం ఉన్నవారు చెప్పే మాటతో నేను ఏకీభవిస్తాను. విదేశీ నగరంలో ఒకసారి ఆగి డాలస్‌లోనే దిగే టికెట్ అయితే ఇమిగ్రేషన్ డాలస్‌లోనే జరుగుతుంది. అదే న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి డాలస్‌కు మరో విమానం మారేలా ఉంటే, మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, పెట్టెలు తీసుకోవడం, కస్టమ్స్ దాటి మళ్లీ పెట్టెలు అప్పగించడం అన్నీ పూర్తిచేయాలి. ఆవకాయ డబ్బాలున్న 23 కిలోల పెట్టెలు రెండింటిని బెల్టు మీద నుంచి దించుకుని మళ్లీ అప్పగించడం అరవై దాటినవారికి చిన్న పని కాదు.

గడియారం లెక్కలో కూడా ఈ సేవల్లో కొన్ని తడబడతాయి. డాలస్ సమయం మన కంటే చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు, వేసవిలో 10 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది, ఎందుకంటే అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో బయలుదేరి అదే రోజు సాయంత్రం 4 గంటలకు డాలస్‌లో దిగినట్టు టికెట్ మీద ఉంటే, అది పన్నెండు గంటల ప్రయాణం కాదు. వేసవిలో 22 గంటల 30 నిమిషాలు, చలికాలంలో 23 గంటల 30 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో ఇది తలకిందులవుతుంది: శుక్రవారం రాత్రి డాలస్‌లో ఎక్కినవారు ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగుతారు. విమానాశ్రయానికి తీసుకురావడానికి కారు మాట్లాడే బంధువులు శనివారమా, ఆదివారమా అని తడబడేది ఇక్కడే. సేవ చూపే సమయ తేడా ఏ నెలకు చెందినదో చూడాలి, పేజీ తెరిచిన రోజు తేడాను మాత్రమే చూపి, ప్రయాణ తేదీ అడగనివి ఉన్నాయి.

మరి సమయం తెలుసుకోవాలంటే ఎక్కడ చూడాలి? ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ వంటి విమానాల జాడ చూపే సేవల్లో చూడాలి. విమానం సంఖ్య కొడితే గత కొద్ది రోజుల్లో అది ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, గాలిలో ఎంతసేపు ఉంది అన్నీ వరుసగా కనిపిస్తాయి. టైంటేబుల్‌లో చూపే సమయం గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా, కొంత వెసులుబాటు కలిపి ఉంటుంది. గాలిలో ఉన్న సమయం దాని కంటే తక్కువే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఆ విమానం మామూలుగా వేళకు వస్తుందా, ఆలస్యం చేస్తుందా అన్నది కూడా తెలిసిపోతుంది. దీనికి ఇంటి నుంచి శంషాబాద్ చేరే సమయం, ముందుగా మూడు గంటల రిపోర్టింగ్, డాలస్‌లో ఇమిగ్రేషన్ వరుస, అక్కడి నుంచి ఫ్రిస్కోకో ఇర్వింగ్‌కో కారు ప్రయాణం కలపాలి. కూకట్‌పల్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా తెల్లవారుజామున పోవడం వేరు, సాయంత్రం గచ్చిబౌలి రద్దీలో పోవడం వేరు. మొత్తం మీద గుమ్మం నుంచి గుమ్మానికి ముప్పై గంటలు అనుకుని బయలుదేరితే నిరాశ ఉండదు.

నాన్‌స్టాప్ ఎప్పటికైనా వస్తుందా అని అడిగేవారికి దూరం లెక్క కొంత జవాబు చెబుతుంది. సింగపూర్, న్యూయార్క్ మధ్య సుమారు 15,300 కిలోమీటర్ల దూరాన్ని ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్ విమానాలు ఆగకుండా పోతున్నాయి, సిడ్నీ నుంచి డాలస్‌కే సుమారు 13,800 కిలోమీటర్ల నాన్‌స్టాప్ ఉంది. మన 14,420 ఈ రెండింటి మధ్య పడుతుంది, అంటే విమానం పోలేని దూరం కాదు. అయితే 2021 జనవరిలో ఎయిర్ ఇండియా బోయింగ్ 777-200ఎల్ఆర్‌తో మొదలుపెట్టిన హైదరాబాద్, షికాగో నాన్‌స్టాప్ దాదాపు 13,300 కిలోమీటర్లదే అయినా నిలబడలేదు. అంత దూరం పోవడానికి ఇంధనమే పెద్ద బరువు, ఆ ఖర్చు తిరిగి రావాలంటే ఏడాది పొడవునా బిజినెస్ క్లాస్ సీట్లు నిండాలి. సెలవుల్లో కిక్కిరిసి, మిగతా నెలల్లో పలచబడే మన ప్రయాణాలతో అది కష్టం.

ఈ సేవలు చూపే దూరానికి అచ్చంగా పనికొచ్చే చోటు ఒకటుంది, అది చాలామందికి తెలియదు. యూరోపియన్ యూనియన్‌లో 2004 నాటి 261వ నియమావళి ప్రకారం, యూనియన్‌లోని విమానాశ్రయం నుంచి బయలుదేరే విమానాల్లోనూ, యూనియన్ సంస్థల విమానాల్లో అక్కడికి పోయేవారికీ రెండు వారాల కంటే తక్కువ ముందు చెప్పి విమానం రద్దు చేసినా, గమ్యం చేరడం మూడు గంటలకు మించి ఆలస్యమైనా, దానికి అసాధారణ పరిస్థితులు కారణం కాకపోతే, పరిహారం అడిగే హక్కు ఉంది. పరిహారం దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలుగా ఉంటుంది. యూనియన్ దాటి పోయే ప్రయాణాల్లో 3,500 కిలోమీటర్లు మించితే 600, ఆలస్యం నాలుగు గంటల లోపే అయితే అందులో సగానికి తగ్గించవచ్చు. ఆ దూరాన్ని మహావృత్త పద్ధతిలోనే కొలవాలని నియమావళే చెబుతోంది. మధ్యలో ఆగి మారినప్పుడు నిజంగా ప్రయాణించిన దూరం కాక, మొదటి విమానాశ్రయం నుంచి చివరి గమ్యానికి ఉన్న మహావృత్త దూరాన్నే తీసుకోవాలని యూరప్ న్యాయస్థానం 2017లో తేల్చింది. కాకపోతే శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా ఒకే బుకింగ్‌లో డాలస్ పోయేవారికి ఇది వర్తించదు: బయలుదేరే చోటు, చివరి గమ్యం రెండూ యూనియన్ బయట ఉంటే, మధ్యలో యూనియన్‌లో ఆగినా, ఈ నియమావళి కిందికి రాదని అదే న్యాయస్థానం 2022లో చెప్పింది. నియమావళి వర్తించే ప్రయాణాల్లో మొదటి చోటు నుంచి చివరి గమ్యం దాకా దూరాన్ని లెక్కించాలంటే విమానాలన్నీ ఒకే బుకింగ్ కింద ఉండాలి. చవకగా వస్తున్నాయని విడివిడిగా కొన్న రెండు టికెట్లను ఒకే ప్రయాణంగా చూడరు.